తెర మీద ఉన్నది ఎవరి కాగితం?

(ఫోరం వార్షిక సమావేశంలో, శుక్రవారం సహాయ కేంద్రం కార్యకర్త ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరునే ఉంచాం.)



నన్ను మైకు దగ్గరికి పిలిచినవాళ్లు "కంప్యూటర్ గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. నేను ఇంజనీరును కాను. రాజంపేట దగ్గర పల్లె మాది. ఐటీఐ చదివి స్టోర్ హెల్పర్‌గా కువైట్ వచ్చాను, ఇప్పటికీ స్టోర్‌లోనే ఉన్నాను. క్యాంపులో పై మంచం మీద పడుకుని, ఫోన్‌లో వీడియోలు చూస్తూ పైథాన్ నేర్చుకున్నాను. ఖతం అయి ఊరెళ్లిపోతూ ఒక అన్న నాకు అమ్మిపోయిన పాత ల్యాప్‌టాప్ ఉంది, దాని మీద రాసి చూసుకున్నాను. కాబట్టి నేను చెప్పేది పుస్తకంలో సంగతి కాదు. ఒక తప్పు చేసి, దాని వల్ల ఇద్దరు మనుషులకు కష్టం తెచ్చి, ఆ తర్వాత నేర్చుకున్న సంగతి. ఆ ఇద్దరి అనుమతి తీసుకునే మాట్లాడుతున్నాను. పేర్లు చెప్పను.

మొదట, ఆ ప్రోగ్రామ్ ఎందుకు పుట్టిందో చెప్తా.

శుక్రవారం మన సహాయ కేంద్రానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఓవర్‌టైమ్ గురించే వస్తారు. కువైట్ లేబర్ చట్టం 2010లో వచ్చిన 6వ నంబరు చట్టం. దాని ప్రకారం మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని. ఆపైన చేయిస్తే మామూలు గంట కూలికి పావు వంతు కలిపి ఇవ్వాలి. అలా ఎక్కువ చేయించేది రోజుకు 2 గంటలు, ఏడాదికి 180 గంటలు మించకూడదు. సైట్‌లో జరిగేది మాత్రం మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు చట్టం వేరే ఉంది, 2015లో వచ్చిన 68వ నంబరుది. వాళ్ల లెక్క వేరేగా చూస్తాం.

లెక్క ఎలా వేస్తామంటే, నెల జీతం 104 దినార్లు అనుకోండి. 26 రోజులతో భాగిస్తే రోజుకు 4 దినార్లు. 8 గంటలతో భాగిస్తే గంటకు 500 ఫిల్సులు. పావు వంతు కలిపితే ఓవర్‌టైమ్ గంటకు 625 ఫిల్సులు. నెలలో 40 గంటలు ఎక్కువ చేసినవాడికి 25 దినార్లు రావాలి. 104 దినార్ల మనిషికి 25 దినార్లంటే ఊళ్లో పిల్లల ఫీజు.

ఈ లెక్క మనవాళ్లు నోట్‌బుక్‌లో రాసుకొస్తారు. కొందరు సిగరెట్ పెట్టె అట్ట మీద రాస్తారు, కొందరు క్యాలెండర్ మీద చుక్కలు పెడతారు. ఒక అన్న తలుపు వెనక గీతలు గీసి, ఆ తలుపు ఫోటో తీసుకొచ్చాడు. అంకెల పట్టిక వేసి ఇస్తే చదవలేనివాళ్లు ఉన్నారు. అందుకని బొమ్మ చేద్దామనుకున్నా. రోజుకో స్తంభం. 8 గంటల వరకు నీలం, ఆపైన ఎరుపు. నెల మొత్తం ఒక్క బొమ్మలో. చూడగానే "ఓహో, ఇన్ని ఎర్రవి ఉన్నాయా" అని వాళ్లకే తెలుస్తుంది.

పైథాన్‌లో ఇది కష్టం కాదు. మాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ స్తంభాల బొమ్మ గీసి పీఎన్‌జీ ఫైలుగా దాచిపెడుతుంది. పైథాన్‌తో పాటే వచ్చే టీకింటర్‌తో కిటికీ, బటన్లు చేయొచ్చు. పిల్లో అనే లైబ్రరీ బొమ్మని తెరిచి ఆ కిటికీలో చూపిస్తుంది. మూడూ ఉచితమే. నేను చేసింది ఇంతే: గంటలు టైపు చేస్తే బొమ్మ తయారై ఒక ఫోల్డర్‌లో పడుతుంది. ప్రోగ్రామ్ ఆ ఫోల్డర్‌లో "అన్నిటికంటే కొత్త బొమ్మ" వెతికి తెర మీద చూపిస్తుంది. కింద ప్రింట్ బటన్. తెర మీద ఏముందో అదే ప్రింట్ అవుతుంది.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు కదా. నేను అలికి పండగ చేసేసుకున్నా.

పదో మనిషి

ఆ శుక్రవారం ఆ ప్రోగ్రామ్‌తో మొదటి రోజు. ఒకరి తర్వాత ఒకరు తొమ్మిది మంది వచ్చారు. తొమ్మిది బొమ్మలు వచ్చాయి, అన్నీ సరిగ్గానే కనిపించాయి. తొమ్మిదో మనిషి, పదో మనిషి ఒకే క్యాంపు, ఒకే కంపెనీ, కలిసే వచ్చారు. తొమ్మిదో తమ్ముడు గోదావరి వైపు అతను. "నేను కంప్లైంట్ పెట్టను అన్నా, ఎంత రావాలో తెలుసుకుంటా, అంతే" అన్నాడు. కాగితం కూడా వద్దన్నాడు, చూసి వెళ్లాడు. పదో ఆయన రాయచోటి వైపు షట్టరింగ్ మేస్త్రి. ఆయన తెగించి వచ్చాడు. ఆదివారం లేబర్ ఆఫీసుకి, మనం షూన్ అంటాం కదా అక్కడికి, వెళ్లాలి. అప్పటికి రాత్రి అయింది, హాలు మూసేయమంటున్నారు, నాకు నైట్ డ్యూటీ ఉంది. ఆయన గంటలు టైపు చేశా, బొమ్మ తయారైంది అన్నది, ప్రింట్ నొక్కా, మడిచి చేతికిచ్చా.

ఆ కాగితం మీద ఉన్నది తొమ్మిదో తమ్ముడి బొమ్మ. అతని పేరు, అతని సివిల్ ఐడీ నంబరు, అతని గంటలు.

మీరు అడగొచ్చు, ఆయన చూసుకోలేదా అని. పేరు ఇంగ్లీషులో, కింద మూలన, చీమ తలకాయంత. ఎందుకలా పెట్టానంటే, బొమ్మలో తెలుగులో రాస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. చూడ్డానికి బాగాలేదని ఇంగ్లీషుకి మార్చేశా. అందానికి మార్చా గానీ, చదవాల్సిన మనిషి ఎవరు అని ఆలోచించలేదు.

ఆదివారం ఆయన ఒక రోజు జీతం వదులుకుని వెళ్లాడు. కంపెనీ తరఫు మందూబ్ కూడా వచ్చాడు. ఆఫీసరు కాగితం చూసి సివిల్ ఐడీ అడిగాడు. నంబర్లు కలవలేదు. మందూబ్ ఆ కాగితం చేతిలోకి తీసుకుని, "చూశారా, వీళ్లే కూర్చుని తయారుచేసుకునే కాగితాలు ఇవి" అన్నాడట. తారీఖు వాయిదా పడింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. కంప్లైంట్ వద్దన్న తమ్ముడి పేరు ఇప్పుడు మందూబ్‌కి తెలిసిపోయింది. ఆ వారంలోనే అతన్ని దూరపు సైట్‌కి మార్చారు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నేను రుజువు చేయలేను. కానీ అతను ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, నేను వద్దన్నా కదా, నా పేరు ఎట్లా బయటికి పోయింది?" నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఎట్లా పోయిందో అప్పటికి నాకే తెలీదు.

తొమ్మిది పెద్దదా, పది పెద్దదా

ఆ రాత్రి కూర్చుని వెతికా. దొరికింది ఇదీ.

బొమ్మలకి నేను పెట్టిన పేర్లు ఓటీ 1, ఓటీ 2, ఓటీ 3. ప్రోగ్రామ్‌కి చెప్పింది ఏంటంటే, ఫోల్డర్‌లో పేర్లన్నీ వరసలో పెట్టు, చివరిది తీసుకో అని. మనకైతే 9 తర్వాత 10. కంప్యూటర్ పేరుని అంకెగా చూడదు, అక్షరం అక్షరం పోల్చుతుంది, డిక్షనరీలో మాటలు పేర్చినట్టు. ఓటీ 10లో ముందొచ్చే గుర్తు 1. ఓటీ 9లో 9. ఒకటి చిన్నది, కాబట్టి 10 వెళ్లి 1 పక్కన కూర్చుంది. చివర్లో మిగిలింది 9. పదో బొమ్మ ఫోల్డర్‌లో చక్కగా ఉంది. తెర మీదకు మాత్రం రాలేదు. కనిపెట్టకపోతే 89వ మనిషి దాకా ఆ తమ్ముడి బొమ్మే వస్తూ ఉండేది.

తొమ్మిది సార్లు సరిగ్గా పనిచేసింది కాబట్టి పదోసారి చూడలేదు. ఇందులో కంప్యూటర్ తప్పేం లేదు.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, పేరులోనే తారీఖు పెట్టడం: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, తర్వాత గంట, నిమిషం, సెకను. నెల మూడైతే 3 అని కాకుండా 03 అని రెండంకెలు రాయాలి. అప్పుడు అక్షరాల వరసా కాలం వరసా ఒకటే అవుతాయి. మనం ఊళ్లో రాసినట్టు రోజు ముందు పెడితే మళ్లీ గల్లంతే. రెండోది, పేరు వదిలేసి ఫైలు ఎప్పుడు మారిందో ఆ సమయం అడగడం. పైథాన్‌లో గెట్ ఎమ్ టైమ్ అని ఉంది, ఫైలు చివరిసారి మారిన సమయం చెప్తుంది. మ్యాక్స్ అనే దానికి "ఈ ఫైళ్లలో ఆ సమయం అన్నిటికంటే పెద్దది ఏది" అని అడిగితే ఒక్క లైనులో జవాబు వస్తుంది. ఫోల్డర్ ఖాళీగా ఉంటే అది ఎర్రర్ కొట్టి పడిపోతుంది, కాబట్టి "ఏమీ లేకపోతే ఏమీ లేదని చెప్పు" అని కూడా రాయాలి. పీఎన్‌జీ ఫైళ్లు మాత్రమే చూడమనీ చెప్పాలి, లేకపోతే ఫోల్డర్‌లో ఏ ఎక్సెల్ ఫైలో పడితే దాన్ని బొమ్మ అనుకుంటుంది.

ఇక్కడ ఇంకో తికమక ఉంది. గెట్ సీ టైమ్ అనీ ఉంది. విండోస్‌లో అది ఫైలు పుట్టిన సమయం. లినక్స్‌లో మాత్రం అది పుట్టిన సమయం కాదు, ఫైలు వివరాలు ఏవైనా మారినప్పటి సమయం. ఒకే ప్రోగ్రామ్ రెండు మిషన్లలో రెండు జవాబులు చెప్తుంది. విండోస్‌లో పెన్ డ్రైవ్ నుంచి పాత బొమ్మలు కాపీ చేస్తే మారిన సమయం పాతదే ఉంటుంది, పుట్టిన సమయం ఇవాళ్టిది అవుతుంది. ఎవరైనా పాత బొమ్మని తెరిచి మళ్లీ సేవ్ చేస్తే మారిన సమయం ఇవాళ్టిదైపోతుంది. గడియారాన్ని ఏం అడుగుతున్నామో తెలుసుకుని అడగాలి.

కొత్తది వేరు, సరైనది వేరు

గెట్ ఎమ్ టైమ్ పెట్టాను, ఇక తిరుగులేదనుకున్నా. రెండు వారాలకు ఇంకో కార్యకర్త తమ్ముడు తన ల్యాప్‌టాప్ తెచ్చాడు. రెండూ ఒకే ఫోల్డర్‌కి కలిపాం, పని తొందరగా అవుతుందని. నేను ఒకాయన బొమ్మ చేశా. తెర మీద ఇంకొకరిది వచ్చింది. నేను నొక్కిన తర్వాత ఒక సెకనుకి అతను నొక్కాడు. కొత్తది అతనిదే. ప్రోగ్రామ్ అడిగిన దానికి సరిగ్గానే జవాబు చెప్పింది. ఈసారి పేరు పెద్దగా పెట్టాను కాబట్టి ప్రింట్ కాకముందే పట్టుకున్నాం.

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. కానీ ఆ కొమ్ములు ఎవరి గొడ్డువో ముందు చూసుకోవాలి కదా.

అప్పుడు అర్థమైంది. బొమ్మ గీసింది నా ప్రోగ్రామే. ఏ పేరుతో, ఎక్కడ దాచిందో దానికి తెలుసు. తన చేత్తో పెట్టిన దాన్ని మళ్లీ ఫోల్డర్ అంతా వెతుక్కోవడం ఎందుకు? బొమ్మ దాచే పని అయిపోగానే ఆ ఫైలు పేరు తిరిగి ఇవ్వాలి, ఆ పేరునే తెరకి ఇవ్వాలి. వెతుకులాట లేదు, పోలిక లేదు. ఫైలు పేరులో తారీఖుతో పాటు ఆ రోజు టోకెన్ నంబరు పెట్టాం. సివిల్ ఐడీ నంబరు మాత్రం ఫైలు పేరులో పెట్టం, ఎందుకంటే ఫోల్డర్ తెరిచిన ప్రతివాడికీ పేర్లు కనిపిస్తాయి.

మరి "కొత్తది వెతకడం" ఎప్పుడు అవసరం? బొమ్మ వేరే ఎవరో తయారుచేసినప్పుడు. పాస్‌పోర్ట్ కాపీ తీసే స్కానర్ ఉంది, దాని సాఫ్ట్‌వేర్ తనకు తోచిన పేరుతో ఫైలు పడేస్తుంది, మనకి చెప్పదు. అక్కడ కొత్తది వెతకాల్సిందే. అయితే మేం ఒక షరతు పెట్టాం. స్కాన్ మొదలుపెట్టిన సమయం రాసి ఉంచుకుంటాం. ఆ తర్వాత వచ్చిన ఫైలు అయితేనే చూపిస్తుంది. అంతకు ముందుది అయితే "కొత్త స్కాన్ ఇంకా రాలేదు" అని ఎర్రటి అక్షరాల్లో వస్తుంది. పాత బొమ్మ చూపించడం కంటే ఖాళీ తెర చూపించడం నయం. ఖాళీ తెరని ఎవరూ నమ్మరు, పాత బొమ్మని నమ్ముతారు.

తెర మీద పెట్టడంలో చిక్కులు

నేర్చుకుంటున్న తమ్ముళ్లు ఇక్కడ కొందరున్నారు, వాళ్ల కోసం ఇంకొన్ని చెప్తా. మిగతావాళ్లు కొంచెం ఓపిక పట్టండి, ఉదాహరణలు మన క్యాంపువే.

మొదటిది, బొమ్మ మాయమవడం. ఫైలు సరిగ్గా దొరుకుతుంది, ఎర్రర్ ఏమీ రాదు, కిటికీలో బొమ్మ ఉండాల్సిన చోట తెల్లగా ఉంటుంది. చాలామంది ఇక్కడే విసిగి మానేస్తారు. కారణం ఇదీ. పైథాన్‌లో ఏ వస్తువునైనా ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి. మన రూములో రిజిస్టర్‌లో పేరు లేని మనిషి మంచాన్ని క్యాంప్ బాస్ ఖాళీ చేయించినట్టు, ఎవరూ పట్టుకోని వస్తువుని పైథాన్ తీసేస్తుంది. ఫంక్షన్ లోపల ఫోటోఇమేజ్ చేసి లేబుల్‌కి ఇచ్చి బయటికొస్తే, ఆ ఫోటోని పట్టుకున్నవాళ్లు పైథాన్ వైపు ఎవరూ ఉండరు. లేబుల్ పట్టుకుందని మనం అనుకుంటాం, పైథాన్ లెక్కలో అది ఉండదు. అందుకే లేబుల్ డాట్ ఇమేజ్ ఈక్వల్స్ ఫోటో అని ఇంకో లైను రాయాలి. రిజిస్టర్‌లో పేరు రాసినట్టు. అప్పుడు మంచం భద్రం.

రెండోది, కిటికీ బిగుసుకుపోవడం. కొత్త ఫైలు వచ్చిందా అని రెండు సెకన్లకోసారి చూడాలని, చాలామంది వైల్ ట్రూ అని తిప్పుతూ మధ్యలో స్లీప్ పెడతారు. మన బిల్డింగ్ హారిస్‌ని తీసుకెళ్లి నీళ్ల మోటర్ దగ్గర నిలబెట్టి, కదలకుండా దాన్నే చూడమంటే గేటు ఎవరు తీస్తారు? టీకింటర్‌లో కిటికీని నడిపేదీ బటన్ నొక్కుడు వినేదీ ఒక్కడే. వాణ్ని నిద్రపుచ్చితే అన్నీ ఆగిపోతాయి. దానికి ఆఫ్టర్ అనే మాట ఉంది. "2000 మిల్లీసెకన్ల తర్వాత ఈ పని చేయి" అని అలారం పెట్టి వెళ్లిపోవడమే. పని అయ్యాక మళ్లీ అలారం పెట్టుకుంటుంది. మధ్యలో గేటు తీసే పని నడుస్తూనే ఉంటుంది.

మూడోది, సగం తయారైన బొమ్మ. ఫైలు పేరు ఫోల్డర్‌లో కనిపించగానే అది పూర్తయిందని అనుకోకూడదు. స్కానర్ ఇంకా రాస్తూ ఉండొచ్చు. అప్పుడే తెరిస్తే ఎర్రర్ వస్తుంది, లేదా బొమ్మ కింది భాగం ఉండదు. కాంక్రీటు గట్టిపడకముందే షట్టరింగ్ ఊడదీస్తే ఏమవుతుందో మేస్త్రి అన్నలకి నేను చెప్పాలా? మన ప్రోగ్రామే రాసేదైతే, ముందు వేరే తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక ఓఎస్ రీప్లేస్‌తో అసలు పేరుకి మార్చాలి. అదే ఫోల్డర్‌లో చేస్తే ఆ మార్పు ఒక్క దెబ్బకి జరుగుతుంది, మధ్యలో సగం ఉండదు. స్కానర్ ఫైలైతే సైజు చూడాలి, రెండు సెకన్లాగి మళ్లీ చూడాలి. పెరగడం ఆగాకే తెరవాలి.

నాలుగోది, ఒకరి మీద ఒకరు. మాట్‌ప్లాట్‌లిబ్‌లో బొమ్మ దాచాక ఆ బొమ్మని మూసేయాలి, క్లోజ్ అని. మూయకుండా మళ్లీ గీస్తే పాత పలక తుడవకుండా కొత్త లెక్క రాసినట్టే. ముందు మనిషి స్తంభాల మీదే తర్వాతి మనిషి స్తంభాలు పడతాయి. ఫైలు కొత్తది, పేరు సరైనది, లోపల గంటలు మాత్రం ఇద్దరివి. అన్నిటికంటే ప్రమాదం ఇదే, పైకి ఏ తేడా కనిపించదు.

ఐదోది, వేరే ఫోల్డర్. ప్రోగ్రామ్‌ని ఒక చోట నుంచి నడిపితే బొమ్మలు ఒక ఫోల్డర్‌లో, డెస్క్‌టాప్ షార్ట్‌కట్ నుంచి నడిపితే ఇంకో ఫోల్డర్‌లో వెతకొచ్చు. "పక్కనున్న ఫోల్డర్" అని చెప్తే, ఎక్కడ నిలబడి చెప్తున్నామన్నదాన్ని బట్టి మారుతుంది కదా. పూర్తి చిరునామా ఇవ్వాలి, లేకపోతే ప్రోగ్రామ్ ఫైలు ఉన్న చోటు నుంచే లెక్కపెట్టమనాలి.

ఇక తెలుగు ఒత్తుల సంగతి. పేరుని బొమ్మ లోపల రాయడం మానేసి, టీకింటర్ లేబుల్‌లో, బొమ్మ పైన, తెలుగులో పెద్దగా పెట్టా. మా విండోస్ ల్యాప్‌టాప్‌లో అక్కడ ఒత్తులు చక్కగా కూర్చున్నాయి. ప్రింట్ కోసం బొమ్మలోనే తెలుగు కావాలంటే పిల్లోకి రాక్మ్ అనే తోడు లైబ్రరీ ఉండాలి, అది ఒత్తులని వాటి చోట పెడుతుంది. అది పెట్టుకోవడానికి నాకు రెండు శుక్రవారాలు పట్టింది. మొదటి రోజే ఆ పని చేసి ఉంటే ఇవాళ ఈ ప్రసంగం ఉండేది కాదు.

ఆ ఇద్దరి సంగతి

మేస్త్రి అన్న రెండో తారీఖుకి మళ్లీ వెళ్లాడు. ఈసారి నేనూ సెలవు పెట్టి వెంట వెళ్లా. సరైన బొమ్మ తీసుకెళ్లాం, కానీ ఆఫీసరు మొదట అడిగింది బొమ్మని కాదు. "దీని వెనక ఏముంది?" అని అడిగాడు. అన్న సంచిలోంచి నోట్‌బుక్ తీశాడు. పద్నాలుగు నెలలు, రోజూ ఒక లైను. ఎక్కడ పని, ఎప్పుడు దిగాడు, ఎప్పుడు ఎక్కాడు, ఫోర్‌మన్ ఎవరు. సిమెంటు మరకలతో ఉంది. కువైట్ చట్టంలో ఒక మంచి మాట ఉంది: ఓవర్‌టైమ్ చేయమని యజమాని రాతపూర్వకంగా చెప్పకపోయినా, చేశానని కార్మికుడు ఏ ఆధారంతోనైనా చూపించుకోవచ్చు. ఆ నోట్‌బుక్ ఆ ఆధారం. అడిగినంత మొత్తం రాలేదు. కొంత దగ్గర రాజీ కుదిరింది. ఆయన ఆ డబ్బు ఊరికి పంపి, మా రూముకి ఒక డబ్బా ఖర్జూరాలు తెచ్చాడు. నేను తినలేకపోయా, నిజం చెప్తున్నా.

గోదావరి తమ్ముడు ఇంకా ఆ దూరపు సైట్‌లోనే ఉన్నాడు. అతనికి నేను ఫోన్‌లో జరిగింది జరిగినట్టు చెప్పా, తొమ్మిది, పది కథ మొత్తం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అన్నా, కంప్యూటర్‌కి లెక్క రాదని నాకేం తెలుసు? నువ్వు చూస్తావనుకున్నా." ఈ మాట నేను మా సహాయ కేంద్రం ల్యాప్‌టాప్ మూత మీద రాసి అంటించా. "నువ్వు చూస్తావనుకున్నా."

ఇప్పుడు మా బల్ల దగ్గర ప్రింట్ బటన్ నేరుగా పనిచేయదు. తెర మీద పెద్దగా పేరు వస్తుంది. మేం ఆ పేరు పైకి చదువుతాం, ఎదురుగా కూర్చున్న మనిషి "నేనే" అనాలి. తర్వాత సివిల్ ఐడీ చివరి నాలుగంకెలు కార్డు చూసి టైపు చేయాలి. కలిస్తేనే ప్రింట్. ఆ శుక్రవారం పని అయ్యాక, దాచమని సంతకం పెట్టినవాళ్లవి తప్ప మిగతా బొమ్మలన్నీ తుడిచేస్తాం. కాగితం వద్దు, చూసి పోతా అన్నవాళ్ల బొమ్మ అసలు ఫైలుగా దాచం. లేని కాగితం పొరపాటున కూడా బయటికి పోదు కదా.

ప్రోగ్రామ్‌తో పని లేని అన్నలు, అక్కలు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. మన కేంద్రంలో కానీ, టైపింగ్ సెంటర్‌లో కానీ, కంపెనీ ఆఫీసులో కానీ, కంప్యూటర్ నుంచి వచ్చిన ఏ కాగితమైనా మడిచి జేబులో పెట్టుకోకముందు నాలుగు చూడండి. ఒకటి, పేరు మీదేనా. చదవడం రాకపోతే సివిల్ ఐడీ కార్డు పక్కన పెట్టి, అంకెకి అంకె వేలు పెట్టి కలపండి. అంకెలు అందరికీ వచ్చు. రెండు, తారీఖు ఇవాళ్టిదేనా. మూడు, అందులో ఉన్న నెల మీరు అడిగిన నెలేనా. నాలుగు, సంతకం పెట్టమంటే, ముందు ఫోటో తీసుకుని తెలిసినవాళ్లకి పంపి అడగండి. ఇంత చూస్తే వెనకున్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఆ ఒక్క నిమిషం లేకపోతే ఒక రోజు జీతం పోతుంది, ఒక్కోసారి ఇంకొకరి పరువు పోతుంది.

నోట్‌బుక్ మాత్రం మానొద్దు. నేను చేసే బొమ్మ ఎంత అందంగా ఉన్నా అది మీ నోట్‌బుక్‌కి అద్దం మాత్రమే. అద్దం పగిలితే ఇంకోటి చేస్తా. నోట్‌బుక్ మీరు రాయకపోతే ఎవరూ రాయలేరు.

నేర్చుకోవాలనుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు శుక్రవారం సాయంత్రం కేంద్రానికి రండి. పాత ల్యాప్‌టాప్ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే నాది ఉంది. మొదటి పాఠం ఏంటో ఇప్పుడే చెప్పేస్తున్నా: 1 నుంచి 12 వరకు పేర్లతో పన్నెండు ఫైళ్లు చేసి, చివరిది ఏదో కంప్యూటర్‌ని అడగడం. అది తొమ్మిది అంటుంది. అప్పటి నుంచి మీరు దాన్ని గుడ్డిగా నమ్మరు.